పేరున్న బంటు

చదరంగపు బల్ల మీద అందరికన్నా ముందు చనిపోయేది బంటు. దానికి పేరు లేదు, ఊరు లేదు, ఇంటి దగ్గర ఎదురుచూసేవారు లేరు. మంత్రిని కాపాడుకోవడానికో ఏనుగుకు దారి ఇవ్వడానికో దానిని బలి ఇచ్చిన ఆటగాడు ఆ సంగతిని మరుక్షణమే మరచిపోతాడు, మరచిపోకపోతే ఆడలేడు. రథ గజ తురగ పదాతులను అరవైనాలుగు గళ్లలోకి కుదించిన మన పూర్వుల మేధకు నమస్కరించవలసిందే. ఆ ఆట ఇక్కడి నుంచి పారశీకానికి, అరబ్బు దేశాలకు, ఆపైన ఐరోపాకు చేరి ప్రపంచమంతటినీ ఆడించింది. అయితే 50 ఏళ్లకు పైబడిన కాలం కిందట అమెరికాలో కొందరు యుద్ధక్రీడాభిమానులు ఆ బంటుకు ఒక పేరు పెట్టారు. దానికి కాస్త బలం, కాస్త తెలివి, నడుముకు ఒక కత్తి, సంచిలో నాలుగు కాగడాలు ఇచ్చి, ఎదురుగా కూర్చున్న మనిషితో “ఈ బంటు నువ్వే” అన్నారు. అంతటితో ఆట స్వభావమే మారిపోయింది. బంటు చనిపోతే ఇప్పుడు ఎవరో ఒకరు బాధపడతారు.

రోల్ ప్లేయింగ్ గేమ్ అని పేరుపొందిన ఈ పాత్రధారణ క్రీడను మన పిల్లలలో చాలామంది కంప్యూటరు తెర మీద చూసినవారే. తెర మీదికి ఎక్కక ముందు అది బల్ల చుట్టూ కూర్చుని నోటితో ఆడిన ఆట. నేటికీ అలా ఆడేవారు ఉన్నారు. ఆ ఆటలోని ఎత్తుగడ, మంత్రం, కథ అనే మూడూ ఒకదాని మీద ఒకటి ఎలా ఆధారపడి ఉన్నాయో చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

న్యాయనిర్ణేత ప్రవేశం

చదరంగానికీ ఈ ఆటకూ నడుమ ఒక సుదీర్ఘ ప్రయాణం ఉంది. 1780లో బ్రన్స్‌విక్ అనే జర్మన్ నగరంలో హెల్విగ్ అనే గణితవేత్త చదరంగపు బల్లను ఎన్నో రెట్లు పెంచి, గళ్లకు రంగులు వేసి, ఇది కొండ, ఇది నది, ఇది అడవి అన్నాడు. 1824లో రైస్విట్జ్ అనే ప్రష్యా సైన్యపు యువ అధికారి గళ్లనే తీసివేసి బల్ల మీద సైనిక పటాలను పరిచాడు. తుపాకి దెబ్బ ఎంత నష్టం చేసిందో పాచిక చెబుతుంది. ఇరుపక్షాలవారూ తమ ఆజ్ఞలను మూడవ మనిషికి అందజేస్తారు. ఆ మూడవ మనిషే న్యాయనిర్ణేత. కొండ వెనుక శత్రువు ఉన్నాడని ఆయనకు తెలుసు. కొండకు ఇవతల ఉన్న సేనానికి మాత్రం ఆ మాట చెప్పడు.

ఈ మార్పు పైకి కనిపించేంత చిన్నది కాదు. చదరంగంలో రహస్యమంటూ లేదు. ఎదుటివాని మనసు తప్ప మిగిలినదంతా కళ్ల ముందే ఉంటుంది. రైస్విట్జ్ ఆటలో తెలియనితనం ప్రవేశించింది. తెలియనిచోట అడగాలి, వినాలి, ఊహించాలి, చెప్పేవాని మాట నమ్మాలి. కథకు కావలసినవి కూడా ఇవే కదా! 1876లో వెర్డీ దు వెర్న్‌వా అనే మరొక ప్రష్యా అధికారి ఇంకొక అడుగు వేసి, ఈ పట్టికలూ పాచికలూ దేనికి, అనుభవజ్ఞుడైన న్యాయనిర్ణేత తీర్పు చాలదా అన్నాడు. నియమం గొప్పదా, నిర్ణేత అనుభవం గొప్పదా అన్న ఆ వాదం నేటికీ ఆటగాళ్ల మధ్య తెగలేదు. మన కర్మాగారాలలో భద్రతా విభాగంవారు అధికారులను ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, “ఫలానా ట్యాంకు దగ్గర లీకు మొదలైంది, గాలి కాలనీ వైపు వీస్తోంది, ఇప్పుడు మీరేం చేస్తారు?” అని అడిగే అభ్యాసం ఒకటి ఉంది. అందులో కూర్చున్నవారికి ఈ ఆట గురించి వేరే చెప్పనవసరం లేదు. అది రైస్విట్జ్ బల్లకు దూరపు బంధువే.

1960ల చివర అమెరికాలోని మినియాపొలిస్, సెయింట్ పాల్ జంటనగరాలలో డేవిడ్ వెస్లీ అనే యువకుడు నెపోలియన్ కాలపు యుద్ధక్రీడ ఒకటి సిద్ధం చేశాడు. బ్రౌన్‌స్టైన్ అనే కల్పిత పట్టణం వద్ద రెండు సేనలు ఢీకొనాలి. సేనానుల పాత్రలు పోగా ఇంకా చాలామంది మిగలడంతో, వారిలో ఒకరిని నగరాధ్యక్షుడు, ఒకరిని బ్యాంకు యజమాని, ఒకరిని విశ్వవిద్యాలయ పెద్ద అన్నాడు. ఒక్కొక్కరికి ఒక రహస్య లక్ష్యం ఇచ్చాడు. ఆట మొదలైంది. కానీ యుద్ధం జరగలేదు. పట్టణ ప్రముఖులు పక్క గదులలోకి వెళ్లి గుసగుసలాడుకున్నారు, బేరాలు కుదుర్చుకున్నారు, అబద్ధాలు చెప్పుకున్నారు. సాయంకాలానికి ఆట చెయ్యి దాటిపోయిందనీ తన ప్రయత్నం విఫలమైందనీ వెస్లీ అనుకున్నాడు. వచ్చినవారు మాత్రం మళ్లీ ఎప్పుడని అడిగారు. ఏ యుద్ధక్రీడా చరిత్ర చదివినా నాకు అన్నిటికన్నా ముచ్చటగా తోచే ఘట్టం ఇదే.

ఆ బల్ల చుట్టూ కూర్చున్నవారిలో డేవ్ ఆర్నెసన్ ఒకడు. అతడు 1971 ప్రాంతంలో బ్లాక్‌మూర్ అనే కాల్పనిక రాజ్యాన్ని సృష్టించి, అక్కడి కోట కింద సొరంగాల వలయాన్ని పేర్చి, మిత్రులను అందులోకి దింపాడు. ఈ వారం బతికి బయటపడిన పాత్ర వచ్చే వారం అదే పేరుతో, పెరిగిన అనుభవంతో మళ్లీ వస్తుంది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరిలో గ్యారీ గైగాక్స్ ఉండేవాడు. భీమా సంస్థలో ఉద్యోగం పోయి, ఇంటి దగ్గర చెప్పులు బాగుచేసి సంసారం నడుపుతూ ఆటల నియమాలు రాసుకునే మనిషి. 1972 చివర ఆర్నెసన్ తన ఆటను ఆయనకు చూపించాడు. ఇద్దరి కృషి ఫలితంగా 1974 జనవరిలో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ వెలువడింది. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు. వెల పది డాలర్లు. మొదటి ముద్రణ వెయ్యి ప్రతులు. ఇంట్లో కూర్చుని చేతులతో సర్దిన పెట్టెలు అవి. ఆ తరువాత ఇద్దరి మధ్య రాయల్టీల మీద వచ్చిన వ్యాజ్యం, 1985లో గైగాక్స్ తన సంస్థపై అధికారాన్ని కోల్పోవడం, 1997లో ఆ సంస్థ మరొకరి చేతికి పోవడం వ్యాపార చరిత్ర. దానిని ఇక్కడ విప్పనవసరం లేదు.

కాగడా లెక్క

ఆట స్వరూపం ఇది. నలుగురైదుగురు కూర్చుంటారు. వారిలో ఒకరు డంజన్ మాస్టర్. మన నాటక పరిభాషలో సూత్రధారి అందాం. లోకమంతా ఆయన కాగితాలలో ఉంటుంది. మిగిలినవారు తలా ఒక పాత్ర.

“మెట్లు దిగగానే తడి గోడల నడుమ సన్నని దారి. ఇరవై అడుగుల దూరంలో రెండుగా చీలింది. ఎడమవైపు నుంచి పొగ వాసన వస్తోంది.”

“మాట్లాడకుండా నిలబడి చెవి ఒగ్గి వింటాను.”

సూత్రధారి అడ్డుతెర వెనుక ఒక పాచిక వేసి చూసుకుని, “ఏమీ వినిపించలేదు” అంటాడు.

ఈ చివరి మాటను గమనించాలి. వినిపించకపోవడానికి అక్కడ ఎవరూ లేకపోవడం ఒక కారణం కావచ్చు. ఉన్నా పాచిక అనుకూలంగా పడకపోవడం మరొక కారణం కావచ్చు. ఏది నిజమో ఆటగానికి తెలియదు. అయినా ఎడమకో కుడికో వెళ్లాలి. ఎత్తుగడ అంటే ఇక్కడ కత్తి తిప్పడం కాదు. తెలిసీ తెలియని స్థితిలో నిర్ణయం తీసుకోవడం.

తొలినాటి నియమాలు ఈ విషయంలో ఎంతో చమత్కారంగా ఉండేవి. పది నిమిషాల కాలాన్ని ఒక ఘడియగా లెక్కిస్తారు. కాగడా ఆరు ఘడియలు వెలుగుతుంది, అంటే గంటసేపు. ఆ మధ్య మధ్య సూత్రధారి పాచిక వేసి, తిరుగాడే జంతువేదైనా ఎదురుపడిందా అని చూస్తాడు. గోడలు తట్టి రహస్య ద్వారం వెతకాలంటే సమయం పడుతుంది. సమయం గడిస్తే కాగడా కరిగిపోతుంది, ఆపద దగ్గరపడుతుంది. మోసే బరువుకూ లెక్క ఉంది. బంగారు నాణేలు ఎక్కువ మోస్తే నడక మందగిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది, అనుభవపు గుణాలు వచ్చేది ప్రధానంగా నిధిని బయటికి తెచ్చినందుకు; ఒక బంగారు నాణేనికి ఒక గుణం. రాక్షసిని చంపినందుకు దక్కేది స్వల్పం. కనుక తెలిసిన ఆటగాడు యుద్ధం కోరుకోడు. నిద్రిస్తున్న డ్రాగన్‌ను చంపడం వీరత్వమేమో గాని, దానిని లేపకుండా నిధిని తరలించడం వివేకం.

1981లో వచ్చిన ప్రాథమిక నియమావళిలో మరొక అందమైన ఏర్పాటు ఉంది. ఎదురుపడిన ప్రాణి శత్రువే అని ముందుగా నిర్ణయించరు. రెండు పాచికలు వేస్తారు. మొత్తం 2 వస్తేనే అది వెంటనే మీద పడుతుంది. అలా జరిగే అవకాశం ముప్పైఆరింట ఒకటి. 12 వస్తే ఉత్సాహంగా స్నేహం చేస్తుంది. మధ్యలో అంతా సందేహం, బెదిరింపు, బేరం. ఆ సందేహంలోనే మాటకు చోటు ఉంది. ఇటీవలి అనేక కంప్యూటరు ఆటలలో ఎదురైన ప్రతిదానినీ నరుక్కుంటూ పోయే పిల్లవానికి ఈ సంగతి చెబితే ఆశ్చర్యపోతాడు.

పాచికల సంగతి కూడా చెప్పుకోవాలి. మనకు తెలిసిన ఆరు ముఖాల పాచికతో పాటు నాలుగు, ఎనిమిది, పన్నెండు, ఇరవై ముఖాలవి వాడతారు. జ్యామితిలో క్రమ ఘనాలు అయిదే అని గ్రీకులు నిరూపించారు. ఆ అయిదూ ఇక్కడ పాచికలై కూర్చున్నాయి. ఇరవై ముఖాల పాచికలో ప్రతి సంఖ్యకూ నూటికి అయిదు వంతుల అవకాశం. ఏది పడుతుందో చెప్పలేం. మూడు మామూలు పాచికల మొత్తమైతే వేరు. 10 పడే అవకాశం 216లో 27. 18 పడే అవకాశం 216లో ఒక్కటి. తొలి నియమాలలో మనిషి బలం, తెలివి, నేర్పు మొదలైనవి ఈ మూడు పాచికలతో నిర్ణయమయ్యేవి. అంటే ఎక్కువమంది సామాన్యులుగానే పుడతారు. అసామాన్యుణ్ణి కోరి ఎంచుకునే వీలు లేదు. వచ్చినదానితో నెట్టుకురావాలి. ఈ నియమం చాలామందికి నచ్చక తరువాతి కాలంలో సడలించారు గాని, నా దృష్టిలో ఆటకు ఉప్పు వంటిది అదే.

మరచిపోయే మంత్రం

ఇక మంత్రం. గైగాక్స్, పెరెన్ కలిసి 1971లో ప్రచురించిన ‘చెయిన్‌మెయిల్’ అనే మధ్యయుగ యుద్ధక్రీడలో మాంత్రికుడు ఒక రకమైన ఫిరంగి మాత్రమే. అతని అగ్నిగోళం పెద్ద శిలాక్షేపణ యంత్రపు దెబ్బ పడినంత మేర పడుతుంది. పిడుగు బరువైన ఫిరంగి గుండు తగిలినంత మేర తగులుతుంది. మహిమను తూకం వేసి, కొలతబద్దతో కొలిచి యుద్ధరంగంలో నిలిపారన్నమాట. అయితే ఫిరంగికి గుండ్లు అయిపోతాయి. మాంత్రికునికి ఏం అయిపోవాలి?

దీనికి జవాబు జాక్ వాన్స్ అనే రచయిత దగ్గర దొరికింది. 1950లో వెలువడిన ఆయన ‘ది డయింగ్ ఎర్త్’ కథలలో మంత్రాలు ఎంత బరువైనవంటే ఒక మనిషి మెదడులో కొన్ని మాత్రమే ఇముడుతాయి. పుస్తకం చూసి వాటిని మనసుకు ఎక్కించుకోవాలి. ఉచ్చరించగానే అవి చెరిగిపోతాయి. మళ్లీ పుస్తకం తెరవవలసిందే. గైగాక్స్ ఈ ఊహను నియమంగా మార్చాడు. 1974 నాటి ఆటలో కొత్త మాంత్రికునికి రోజుకు ఒక్కటే మంత్రం. మంచి కవచం లేదు, కత్తి పట్టరాదు, ప్రాణబలం అత్యల్పం. ఆ ఒక్క మంత్రం ఉదయమే ఎంచుకోవాలి. నిద్రపుచ్చే మంత్రమా? తాళం మూసే మంత్రమా? తెలియని లిపిని చదివించే మంత్రమా? సాయంకాలం ఏది ఎదురవుతుందో ఉదయం ఎవరికి తెలుసు? నిద్రమంత్రం ఒక గుంపును పడగొట్టగలదు. కాని ఆ తరువాత అతడు దీపం పట్టుకుని నడిచే సామాన్యుడే. ఆటగాళ్లంతా వాన్స్‌కు ఎంతో రుణపడ్డారు. ఆటలోని వెక్నా అనే మాంత్రికుని పేరు ఆంగ్ల లిపిలో వాన్స్ పేరులోని అక్షరాలను తారుమారు చేసి కూర్చినదే.

భారతం చదివిన మనకు ఇది కొత్తగా తోచదు. కర్ణుడు కవచకుండలాలను కోసి ఇచ్చి ఇంద్రుని వద్ద పొందిన శక్తి ఒక్కసారికే పనిచేస్తుంది. దానిని అతడు అర్జునుని కోసం దాచుకున్నాడు. పదునాలుగవనాటి రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడు కౌరవసేనను చెండాడుతుంటే, చుట్టూ ఉన్నవారు గగ్గోలు పెడుతుంటే, ఆ శక్తిని అక్కడ వదిలేశాడు. అది సరైన ఎత్తుగడేనా? ఆ రాత్రికి సరైనదే. వదలకపోతే తెల్లవారేసరికి కాపాడుకోవడానికి సేనే ఉండేది కాదు. కృష్ణుడు ఎందుకు సంతోషించాడో మనకు తెలుసు. ఇక పరశురాముని శాపం సరే సరి: అవసరమైన వేళ అస్త్రమంత్రం స్ఫురించదు. అమెరికా రచయిత ఊహకూ మన ఇతిహాసానికీ ఇది పోలికే గాని సంబంధం కాదు. కాని పరిమితి లేని మహిమ కథను చంపుతుందనీ, ఒక్కసారికే ఉన్న మహిమ కథను పుట్టిస్తుందనీ రెండుచోట్లా తెలిసినవారే రాశారు. శక్తికి హద్దు లేకపోయి ఉంటే ఘటోత్కచ వధ ఒక మరణవార్త మాత్రమే అయ్యేది.

మన ఇంజనీరు మిత్రుల కోసం ఒక చిన్న లెక్క. 1978 నాటి నియమగ్రంథం ప్రకారం అగ్నిగోళం వ్యాసార్ధం 20 అడుగులు. దాని ఘనపరిమాణం సుమారు 33,000 ఘనపుటడుగులు. ఆరుబయట అది గోళంగానే పేలుతుంది. ఇరుకు చోట మాత్రం ఆ ఘనపరిమాణమంతా ఉన్న ఖాళీని నింపుకుంటూ పోతుంది. పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు గల సొరంగాన్ని తీసుకోండి. అడ్డుకోత వైశాల్యం 100 చదరపుటడుగులు. కనుక మంట 330 అడుగుల పొడవున పరుచుకుంటుంది. అవతలి కొస గోడతో మూసి ఉందా, అదంతా వేసినవాని మీదికే వస్తుంది. ఈ లెక్క చేయని మాంత్రికులు తమ మిత్రబృందాన్నంతటినీ కాల్చివేసిన కథలు ఆటగాళ్ల లోకంలో కొల్లలు. మంత్రం ఇక్కడ అద్భుతంగా ఉంటూనే భౌతికశాస్త్రానికి కట్టుబడింది. శత్రువును ఏ గదిలోకి మళ్లించాలి, తలుపు ఎవరు మూయాలి, ఎవరు ఎక్కడ నిలబడాలి అనే ఎత్తుగడలన్నీ ఆ ఒక్క ఘనపరిమాణం నుంచి పుడతాయి.

తరువాత వచ్చిన ఆటలు మంత్రానికి వేరే వెలలు కట్టాయి. 1981 నాటి ‘కాల్ ఆఫ్ కథూలూ’లో గుప్తవిద్య ఎంత నేర్చుకుంటే మనఃస్థిమితపు గరిష్ఠ పరిమితి అంత తగ్గుతుంది, జ్ఞానమే అక్కడ గాయం. 1987లో వచ్చిన ‘ఆర్స్ మాజికా’ మరీ విచిత్రమైనది. అందులో మంత్రాల జాబితాను వల్లె వేయడంతో పని జరగదు, వ్యాకరణం ఉంటుంది. సృష్టించు, గ్రహించు, మార్చు, నశింపజేయి, శాసించు అనే అర్థాలు గల అయిదు లాటిన్ క్రియలు. నీరు, నిప్పు, గాలి, నేల, దేహం, మనసు వంటి పది నామాలు. ఒక క్రియను ఒక నామంతో చేరిస్తే మంత్రం. పదిహేను మాటలతో యాభై విధాలు. ధాతువుల మీద శబ్దప్రపంచాన్నంతా నిలిపిన వ్యాకరణ సంప్రదాయం గల దేశస్థులకు ఇది చదవగానే ముఖం వికసిస్తుంది.

మన రాక్షసుడు కూడా ఈ ఆటలోకి వెళ్లాడు, వింత దారిలో. 1977లో అచ్చయిన ‘మాన్‌స్టర్ మాన్యువల్’లో రాక్షసుడు పులి తలతో, దొరల ఇంటి కోటు తొడుక్కుని, పొగగొట్టం పీలుస్తూ దర్శనమిస్తాడు. మంత్రించిన బాణం తగిలితే తక్షణం చస్తాడట. ఈ వివరం వాల్మీకిలో ఎంత వెతికినా దొరకదు. 1974లో అమెరికా టెలివిజన్‌లో వచ్చిన ‘కోల్‌చాక్’ అనే ధారావాహికలోని ఒక భాగం నుంచి గైగాక్స్ గ్రహించినది. అయితే ఎదుటివారికి నమ్మకమైన రూపంలో కనిపించి మోసగిస్తాడన్న లక్షణాన్ని మాత్రం ఉంచారు. మారీచుణ్ణి ఎరిగినవారు ఆ ఒక్క విషయంలో వారిని క్షమించవచ్చు.

కథ ఎవరిది?

ఎత్తుగడకూ మంత్రానికీ హద్దులున్నాయి. కథ చెప్పేవానికి ఉన్న హద్దేమిటి? ఇదే ఈ ఆటలోని అసలు చిక్కు.

1984లో ట్రేసీ హిక్‌మన్, మార్గరెట్ వైస్ మొదలైనవారి ‘డ్రాగన్‌లాన్స్’ కథామాలిక వెలువడింది. అంతవరకు ఆట అంటే ఒక సొరంగం, దాని పటం; లోపల ఏమి చేస్తారో ఆటగాళ్ల ఇష్టం. డ్రాగన్‌లాన్స్‌లో ఆదిమధ్యాంతాలున్న మహాకథ ఉంది, నవలలు ఉన్నాయి, ప్రేమలు, ద్రోహాలు ఉన్నాయి. పాఠకులు వేలంవెర్రిగా చదివారు. కాని మహాకథకు నాయకులు కావాలి. మూడవ అధ్యాయంలో కావలసిన నాయకుడు మొదటి అధ్యాయంలో పాచిక కారణంగా చనిపోతే? దానికి వారు ఒక ఉపాయం పెట్టారు. ముఖ్యమైన పాత్ర మరణిస్తే ఆ దేహం దొరకకుండా చూడాలి. తరువాత ఏదో ఒక నెపంతో బతికి రావచ్చు. మన జానపద చిత్రాలలో కొండ మీది నుంచి పడిన కథానాయకుని దేహం ఎప్పుడూ దొరకదు కదా, ఆ కిటుకే. నవలకు అది తగును. బల్ల దగ్గర మాత్రం, తాను చావలేనని తెలిసిన ఆటగానికి కాగడా ఎంతసేపు వెలిగితే ఏమిటి, మంత్రం ఒక్కటే ఉంటే ఏమిటి?

చిన్న రూపంలో ఇదే ప్రశ్న ప్రతి సూత్రధారికీ ఎదురవుతుంది. నాలుగు నెలలుగా ఒక ఆటగాడు ప్రేమగా పెంచుకున్న పాత్ర. ఒక మామూలు దొంగ దెబ్బ. అడ్డుతెర వెనుక పాచిక 20 చూపిస్తోంది. చూసినవాడు సూత్రధారి ఒక్కడే. “తప్పిపోయింది” అంటే ఎవరికీ తెలియదు, అందరూ సంతోషిస్తారు. అనాలా? అనవచ్చుననే సూత్రధారులు చాలామంది ఉన్నారు. కథ కోసమే కదా అంటారు. నేను వారితో ఏకీభవించలేను. ఆ ఒక్క అబద్ధంతో అంతకుముందు నాలుగు నెలల్లో తృటిలో తప్పిన ప్రాణాపాయాలన్నీ అనుమానాస్పదమవుతాయి. తన తెలివితో గట్టెక్కానని మురిసిన ఆటగాడు, నిజానికి ఎవరో దయతలచి గట్టెక్కించారేమోనని ఇక ఎప్పటికీ సందేహించవలసిందే. కొందరు సూత్రధారులు అడ్డుతెర తీసివేసి, అందరి ఎదుటా బల్ల నడుమ పాచిక వేస్తారు. అప్పుడు పడిన 20ని చూసి బల్ల అంతా నిశ్శబ్దమవుతుంది. ఆ నిశ్శబ్దాన్ని ఏ రచయితా రాసి తెప్పించలేడు.

బేతాళుడు విక్రమార్కునికి కథ చెప్పి చివర ప్రశ్న వేసి ఆగిపోతాడు. జవాబు రాజు చెప్పాలి. తెలిసి చెప్పకపోతే తల వ్రక్కలవుతుంది, చెబితే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. వినేవానికి పని కల్పించిన కథకులలో బేతాళుడు అగ్రగణ్యుడు. అయినా ఆయనకు కథ చివర ముందే తెలుసు. బల్ల దగ్గరి సూత్రధారికి అది తెలియకూడదు. ఊరు, అడవి, కోట, శత్రువు కోరికలు ఇవన్నీ ఆయన సిద్ధం చేసుకోవాలి. ఆ శత్రువును చంపుతారో, లంచమిస్తారో, అతని కూతురికి సంబంధం చూస్తారో ఆయనకు వదలని విషయం. రాత్రంతా కూర్చుని అల్లిన సొరంగాన్ని ఆటగాళ్లు అసలు దిగకుండా పక్క ఊరికి పోతే, చిరునవ్వుతో పక్క ఊరిని వర్ణించగలవాడే మంచి సూత్రధారి. అహంకారం చంపుకోవడంలో ఇంతటి అభ్యాసం మరొక కళలో అరుదు.

తల్లిదండ్రుల మనసులో మెదిలే ప్రశ్న ఒకటి ఉంటుంది: ఈ కల్పనలో పడి పిల్లలు చెడిపోరా? అమెరికాలో ఈ భయం ఒక దశలో ఉద్యమంగా మారింది. 1979లో మిచిగన్‌లో ఒక విద్యార్థి కనిపించకుండా పోతే, విశ్వవిద్యాలయం కింది ఆవిరి సొరంగాలలో ఈ ఆట ఆడుతూ తప్పిపోయాడని పత్రికలు రాశాయి. 1982లో ఆ ధోరణిలో ఒక టెలివిజన్ చిత్రం వచ్చింది. నాటికి పెద్ద పేరు లేని టామ్ హాంక్స్ అందులో నటించాడు. 1983లో ఆటకు వ్యతిరేకంగా సంఘమే ఏర్పడింది. ఆ విద్యార్థిని వెతికి పట్టుకున్న డిటెక్టివ్ 1984లో రాసిన పుస్తకంలో మాత్రం, అబ్బాయి వెళ్లిపోవడానికి ఆట కారణం కాదనీ, అతని వేదనలకు మూలాలు వేరే ఉన్నాయనీ స్పష్టం చేశాడు. ఆ మాట అంత దూరం ప్రయాణించలేదు. పిల్లవాని బాధ ఏమిటని అడగడం కన్నా ఆట మీద నేరం మోపడం పెద్దలకు సులువుగా ఉంటుంది. నలుగురు పిల్లలు ఒక బల్ల చుట్టూ ముఖముఖాలు చూసుకుంటూ మూడు గంటలు మాట్లాడుకునే ఆట ఇది. ఒక్కరే తలుపు మూసుకుని తెర ముందు గడిపే ఆటలతో దీనిని కలిపి చూడకూడదు. వ్యసనం ఏ ఆటకైనా పట్టవచ్చు. ధర్మరాజు కథ మనకు తెలియనిది కాదు.

గైగాక్స్ 2008లో, ఆర్నెసన్ 2009లో కన్నుమూశారు. 2024లో ఆటకు 50 ఏళ్లు నిండినప్పుడు అమెరికా తపాలా శాఖ స్మారక బిళ్లలు విడుదల చేసింది. అప్పట్లో పాఠశాలల నుంచి గెంటివేయమన్న ఆటే అది.

ఈ ఆటలన్నిటిలో నాకు మిక్కిలి ఇష్టమైన దాని గురించి చెప్పి ముగిస్తాను. గ్రెగ్ స్టాఫర్డ్ 1985లో రచించిన ‘పెండ్రాగన్’ ఆర్థర్ రాజు కాలపు వీరుల ఆట. అందులో సాధారణంగా ఏడాదికి ఒక్కటే సాహసం. సాహసం ముగిశాక శీతకాలం వస్తుంది. అప్పుడు ఆటగాళ్లంతా కత్తులు పక్కన పెట్టి లెక్కలు చూసుకుంటారు. గుర్రం చలికి తట్టుకుందా, పాచిక వెయ్యి. పంట పండిందా, పాచిక వెయ్యి. పెళ్లి కుదిరిందా, బిడ్డ పుట్టిందా, పుట్టిన బిడ్డ బతికిందా, అన్నిటికీ పాచికే. మనిషికి ముప్పైఅయిదేళ్లు దాటితే ఏటా మరొక పాచిక. బలమో రూపమో కొద్దికొద్దిగా తరిగిపోతాయి. డ్రాగన్‌ను ఎదిరించి నిలిచిన వీరుడు ఒక శీతకాలం మంచం మీద పోవచ్చు. అప్పటికి కొడుకు చేతికి అందివచ్చి ఉంటే ఆటగాడు పాత కాగితాన్ని మడిచి లోపల పెట్టి, కొత్త కాగితం తీస్తాడు. ఇంటి పేరు, డాలు మీది గుర్తు, తండ్రి కీర్తిలో కొంత భాగం దాని మీదికి ఎక్కిస్తాడు. మూడు పాచికలు చేతిలోకి తీసుకుని, ఈ అబ్బాయి ఎలాంటివాడో చూద్దామని వేస్తాడు.